ఖాళీ ఇంటి వేడి

కారు ఆగీ ఆగకముందే తేసిక్ దిగి ఇంటి వెనక్కి నడిచాడు. ఈ కొండవూరికి వచ్చిన ప్రతి శనివారం ఇదే తంతు. తలుపు తాళం తియ్యడు, సామాను దించడు, మంచు పడ్డ కొండ ఎంత బాగుందో తలెత్తి చూడడు. ముందు, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఉన్న కొట్టుగది. ఆ తరవాత ఇల్లు. పెళ్ళాం సంగతి ఆ తరవాత.

మీరాన్ కారు దిగకుండా ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకుని కూర్చుంది. అద్దంలోంచి ఇంటి చూరు కనిపిస్తోంది. వంటగది వైపు చూరు బోడిగా ఉంది. పడకగది వైపు మాత్రం మంచు ఊచలు మూరెడేసి వేలాడుతున్నాయి. లోపల గది వెచ్చబడితేనే కప్పు మీది మంచు కరిగి, జారి, అలా ఊచలు కడుతుంది. వారమంతా తాళం వేసి ఉన్న ఇంటికి ఊచలెక్కడివి? ఆ సంగతి ఆమెకు అప్పుడే తోచింది. మొగుడికి తలెత్తి చూసే అలవాటు లేకపోవడం మంచిదే అయిందని ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి అనిపించింది.

"మీరాన్! ఇలా రా!"

తేసిక్ కొట్టులో కిరసనాయిలు తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. లోపల నూనె ఎంతుందో బయటికి కనిపించేలా తొట్టి పక్కన నిలువుగా సన్నటి గొట్టం ఉంటుంది. పోయిన ఆదివారం సియోల్ బయల్దేరే ముందు, పెళ్ళానికి కూడా చెప్పకుండా, నూనె మట్టం దగ్గర పసుపు టేపు ముక్క అంటించి వెళ్ళాడు. ఇప్పుడు నూనె ఆ టేపుకు జానెడు కింద ఉంది.

"చూశావా?"

"చూశాను."

"పోయేటప్పుడు 'బయటికి' మీట నేనే నొక్కాను. ఆ మీట మీద ఉంటే గొట్టాలు గడ్డకట్టకుండా ఏదో కాస్త మండుతుంది, అంతే. వేలెడు తగ్గితే ఎక్కువ."

"ఈ వారం చలి ముదిరింది కదండీ. దానికే ఎక్కువ మండిందేమో."

"ఎంత ముదిరితే మాత్రం జానెడా? ఈ ఇంట్లో ఎవరో వెచ్చగా వీపు కాచుకుంటున్నారు."

ఆ మాట అక్షరాలా నిజం. కాచుకున్నది మీరానే.

మంగళవారం పొద్దున, చున్‌చన్‌లో ఉన్న అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది, చూసొస్తానని చెప్పి ఇంట్లోంచి బయటపడింది. అక్కకు ఆపరేషన్ అయిన మాట నిజమే గానీ అది ఎండాకాలం నాటి సంగతి. చున్‌చన్‌లో బస్సు మారి ఇక్కడికి వచ్చింది. నెలకింత తీసుకుని ఇల్లు కనిపెట్టి ఉండే పొరుగింటి ముసలామె మల్‌సూన్ తాళం తీసి పెట్టింది. మీరాన్ 'బయటికి' మీట తప్పించి, వేడి ఎంత పెరిగితే అంత పెంచి, నేల కింది గొట్టాల్లో వేడినీళ్ళు పారి నేల సెగలెక్కేదాకా కోటు విప్పకుండా గోడకు చేరగిలబడి కూర్చుంది. సెగలెక్కాక దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుంది. బాలింత నాడు ఆమె ఎముకల్లో గాలి దూరింది. ఆనాటి కొడుకు తానే తండ్రైనా ఆ గాలి బయటికి పోలేదు. ఈ నేల మీద నడుం ఆనించినప్పుడు మాత్రం కాస్త కదిలి, పోదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంటుంది. మల్‌సూన్ ఉడకబెట్టిన బంగాళాదుంపలు పట్టుకొచ్చి, తనూ పక్కనే నడుం వాల్చింది. సాయంత్రం బస్సు వేళ దాకా ఇద్దరూ ఒకరి కీళ్ళ బాధలు ఒకరికి చెప్పుకుంటూ, కప్పుకేసి చూస్తూ, మధ్యమధ్య గురకలు పెడుతూ గడిపారు. ఈ శీతకాలంలో అలా రావడం అది మొదటిసారి కాదు. తేసిక్ టేపు ముక్క వెతుక్కున్నది అందుకే.

"లోపలికి పద. తలుపు వెయ్యి, వేడి పోతోంది," అన్నాడు తేసిక్. కొట్టులో పోవడానికి వేడేమీ లేదు. ఆ మాట అతని నాలిక మీద అలా ఉండిపోయింది.

ఇంట్లోకి రాగానే కోటు కూడా విప్పకుండా పని మొదలెట్టాడు. వంటగదికీ, చిన్నగదికీ వేడినీళ్ళు పోయే మరలు కట్టేసి ఉన్నాయో లేదో తిప్పి చూశాడు. కిటికీలకు అంటించిన బుడగల ప్లాస్టిక్కు అంచులు వేలితో నొక్కాడు. పడకగదిలో, మంచం లేని చోట, నేల మీద గుడ్డ డేరా నిలబెట్టాడు. ఈ మొగుడూ పెళ్ళాలు సొంత ఇంట్లో డేరా వేసుకుని పడుకుంటారు. గదంతా వెచ్చబడాల్సిన పనేముంది, మనిషి ఉన్నంత మేర వెచ్చబడితే చాలదా అని అతని వాదన. ఈ రెండో ఇల్లు కొన్న రోజు, ఇక చివరి రోజులు కొండగాలి పీలుస్తూ హాయిగా బతుకుదామన్నాడు. గాలి మాత్రం కావలసినంత దొరికింది.

తరవాత దుప్పట్ల అల్మరా తెరిచాడు. తెరిచి, కాసేపు అలాగే నిలబడి, మూసేశాడు.

"మల్‌సూన్ గారికి ఫోన్ చెయ్యి. ఒకసారి వచ్చి పొమ్మను."

"ఇప్పుడా? అన్నం తిన్నాక..."

"ఇప్పుడే."

మల్‌సూన్ ఇల్లు నాలుగు అడుగుల దూరం. వాకిట్లో బొచ్చు చెప్పులు విడుస్తూనే పలకరించింది. ఊళ్ళో ముసలమ్మలందరివీ సంతలో కొన్న ఒకే రకం నల్ల బొచ్చు చెప్పులు. తారుమారు కాకుండా ఎవరి చెప్పులకు వాళ్ళు ఒక రంగు దారం కట్టుకుంటారు. మల్‌సూన్‌ది ఎర్రదారం. చేతిలో ఎండబెట్టిన ముల్లంగాకు కట్ట ఉంది.

"దారి మంచుగా ఉందా సార్? అమ్మగారూ, బాగున్నారా? ఇదిగో, పులుసులోకి ఆకు తెచ్చాను."

మగమనిషి ముందు 'అమ్మగారూ'. ఇద్దరే ఉన్నప్పుడు 'చెల్లీ'. మీరాన్ కూడా అంతే, ఇద్దరే ఉన్నప్పుడు 'అక్కా' అంటుంది, మొగుడి ముందు 'పెద్దమ్మగారూ' అంటుంది. ఈ తేడా ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు. దానంతటదే కుదిరింది.

"తలుపు వెయ్యండి పెద్దమ్మా, వేడి పోతోంది," అన్నాడు తేసిక్. "కూర్చోండి. మా ఇంటి తాళం మీ దగ్గరే ఉంటుంది కదా?"

"నా మెళ్ళోనే ఉంటుంది సార్. నీళ్ళాడినా తియ్యను." స్వెట్టర్ లోంచి తాడు పైకి లాగి చూపించింది.

"ఈ వారం ఈ గదిలో ఎవరైనా పడుకున్నారా?"

మల్‌సూన్ నవ్వు సగంలో ఆగింది. మీరాన్ ముల్లంగాకు కట్ట ఒళ్ళోకి లాక్కుని, పండుబారిన కొసలు తుంచడం మొదలుపెట్టింది.

"పడుకున్నారా లేదా అంటున్నాను."

"పడుకున్నాను సార్," అంది మల్‌సూన్. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. చేతనైతే ఈ కథే లేదు. "ఒక పూట నడుం వాల్చాను. కానీ బాయిలర్ వేసింది నేను కాదు. ఆ మీటలంటే నాకు భయం. లైటు ఎర్రగా వెలిగిందంటే మీకే ఫోన్ చేస్తాను కదా."

"మరి ఎవరు వేశారు?"

మల్‌సూన్ మీరాన్ వైపు చూసింది. ఇక నువ్వందుకో అన్నట్టుంది ఆ చూపు. తొందరపెట్టడం లేదు, భయపడటం లేదు, చెల్లి చెబుతుందిలే అని నింపాదిగా ఎదురుచూస్తోంది. మీరాన్ ఆకు కొస తుంచింది. ఇంకోటి తుంచింది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అరవడు. కొట్టడు. ఈ ఇల్లు అమ్మేస్తాడు. ఈ నేల ఇక ఉండదు. చెబుదామనే నోరు తెరిచి, మళ్ళీ ఆకు కట్ట మీదికి వంగింది. పండుటాకుల పొడి ఒళ్ళో రాలింది.

మల్‌సూన్ చాలాసేపు చూసింది. తరవాత చూపు తిప్పుకుంది.

"అది నన్నడగొద్దు సార్."

తేసిక్ మళ్ళీ అడగలేదు. చెయ్యి చాచాడు.

"తాళం ఇచ్చెయ్యండి పెద్దమ్మా. పెద్దవారు, చలికి ఆగలేక పడుకుని ఉంటారు. దానికి నేను గొడవేమీ చెయ్యను. కానీ ఒక మాట అడిగి పడుకోవాలి కదా."

మల్‌సూన్ తాడు తల మీంచి తీయబోతే జడపిన్నుకు చిక్కుకుంది. గుంజింది. రాలేదు. మీరాన్ లేవబోయి ఆగిపోయింది. చివరికి తేసికే వంగి, జుట్టు లాగకుండా నెమ్మదిగా విడదీసి తీసుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషే. మల్‌సూన్ ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళింది. వాకిట్లో చెప్పుల్లో మడమ దూరక చాలాసేపు తంటాలు పడిన చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది.

ఆ రాత్రి పులుసు తేసిక్‌కు బాగా నచ్చింది. డేరాలో గొట్టం మొదట వచ్చే వెచ్చటి పక్క ఎప్పటిలాగే పెళ్ళానికి వదిలి, తను చల్లటి పక్క పడుకున్నాడు.

ఆదివారం పొద్దున మీరాన్ గిన్నెలు కడుగుతుంటే ఊరి మైకు గరగరలాడింది. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. ఈ ఊళ్ళో చెత్తబండి వచ్చినా, ఎవరి కుక్క తప్పిపోయినా, ఎవరింట పెళ్ళి భోజనమైనా కబురు ఆ మైకు లోంచే వస్తుంది.

"గ్రామస్తులకు నమస్కారం. రాత్రికి చలి ఇంకా పెరుగుతుందట, కుళాయిల్లో నీళ్ళు సన్నగా వదిలి ఉంచుకోండి. ఇంకో మాట. వారానికోసారి వచ్చిపోయేవాళ్ళ ఇళ్ళ తాళాలు కొందరి దగ్గర ఉంటున్నాయి. నమ్మి ఇచ్చిన తాళంతో ఖాళీ ఇళ్ళలో వేడి పెట్టుకుని పడుకోవడం ఊరికే చెడ్డపేరు. నేను ఎవరి పేరూ చెప్పడం లేదు. సియోల్ నుంచి వచ్చిన పెద్దలు తాళాల సంగతి ఒకసారి చూసుకోవలసిందిగా మనవి."

మీరాన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కుళాయి నీళ్ళు పోతున్నాయి.

"కుళాయి కట్టు," అన్నాడు తేసిక్ పేపరు లోంచి.

"మీరు చెప్పారా ఊరిపెద్దకి?"

"నిన్న మధ్యాహ్నం నడకకు వెళ్తే కలిశాడు. మాటల్లో వచ్చింది. ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళు కూడా ఆవిడ చేతిలోనే ఉన్నాయట. వాళ్ళకి తెలియద్దూ?"

తడి చెత్త పారేసి వస్తానని చెప్పి మీరాన్ బయటపడింది. మల్‌సూన్ గేటు ముందు తెల్ల కారు ఒకటి, ఇంజను ఆపకుండా, పొగ వదులుతూ నిలబడి ఉంది. బొచ్చు కోటు వేసుకున్న కుర్రవాడెవరో తాళం జేబులో వేసుకుంటూ, "ఏమనుకోకండి అవ్వా, మా ఆవిడ తీసుకు రమ్మంది," అంటున్నాడు. కారు వెళ్ళేదాకా మీరాన్ గోడ పక్కన ఆగింది.

మల్‌సూన్ వాకిట్లో చీపురుతో మంచు తోస్తోంది. నిన్నటి కంటే పొట్టిగా కనిపించింది.

"అక్కా."

చీపురు ఆగలేదు.

"అక్కా, నేను చెబుతాను. ఆయనకు నెమ్మదిగా చెప్పాలి. సియోల్ వెళ్ళాక, ఒక మంచి వేళ చూసి..."

"ఇక్కడే చెప్పు," అంది మల్‌సూన్. "ఇక్కడ అన్న మాట ఇక్కడే తీసెయ్యాలి చెల్లీ. సియోల్‌లో తీసేస్తే ఇక్కడ వీళ్ళకెట్టా తెలుస్తుంది? రేపు ఊరి హాల్లోకి ఏ మొహం పెట్టుకుని పోను? నిన్న సాయంత్రం పోతే పేకాడుతున్నవాళ్ళు ఆట ఆపేశారు. అప్పటికింకా మైకులో కూడా రాలేదు."

"చెబుతాను. ఒట్టు. ఇవాళే చెబుతాను."

"చెప్పు మరి. ఊరిపెద్ద ఇంట్లోనే ఉన్నాడు. నాతో రా."

ఇంటి వైపు నుంచి కారు హారను మోగింది. తేసిక్. దారి గడ్డకట్టక ముందే బయల్దేరాలని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

"ఇవాళే చెబుతాను అక్కా," అని మీరాన్ రెండడుగులు వెనక్కి వేసింది. మల్‌సూన్ తోసిన చోటే మళ్ళీ చీపురు వేసి తోసింది.

కారు ఊరి హాలు ముందు నుంచే పోవాలి. శీతకాలమంతా ఊళ్ళో ముసలాళ్ళు పొద్దున్నే ఇళ్ళల్లో పొయ్యిలు ఆర్పేసుకుని ఆ హాలుకు చేరతారు. అక్కడి వేడికయ్యే ఖర్చు సర్కారు ఇస్తుంది. అక్కడే పేకాట, అక్కడే నూడుల్స్, అక్కడే కునుకు. చీకటి పడ్డాక ఎవరి ఇంటికి వాళ్ళు. గుమ్మం ముందు నల్ల బొచ్చు చెప్పులు వరసగా ఉన్నాయి. పచ్చదారం, నీలం, పసుపు. ఎర్రదారం కోసం మీరాన్ మెడ తిప్పి చూసింది. కారు మలుపు తిరిగిపోయింది.

దారంతా ఆమె చెప్పలేదు. సొరంగం దాటాక చెబుదామనుకుంది. ఇంకో సొరంగం వచ్చింది.

సోమవారం పొద్దున సియోల్ ఇంట్లో ఇద్దరూ లోపల దూది కుట్టిన చొక్కాలు వేసుకుని అన్నం ముందు కూర్చున్నారు. ఆ అపార్ట్‌మెంట్‌లో తేసిక్ బాయిలర్ వెయ్యడు. పైవాళ్ళు వేసుకుంటారు, కిందివాళ్ళు వేసుకుంటారు, పక్కవాళ్ళు చంటిపిల్ల ఉందని పగలూ రాత్రీ వేసుకుంటారు. మధ్యలో ఉన్నవాడు ప్రత్యేకంగా వేసుకోవడం దేనికి? నేల కింద నుంచీ గోడల లోంచీ వాళ్ళ వేడి కాస్తో కూస్తో వస్తూనే ఉంటుంది. ఈ ఫ్లాటు ఎంచుకున్నప్పుడే ఇదంతా ఆలోచించి ఎంచుకున్నాడు. వచ్చినవాళ్ళకు నవ్వుతూ చెబుతాడు కూడా. వాళ్ళూ నవ్వుతారు, కోటు విప్పకుండా.

చేప వేగింది. సూప్ మీద ఆవిరి. మీరాన్ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"ఏవండీ. ఆ నూనె కాల్చింది నేనే."

తేసిక్ చేప ముల్లు ఒకటి జాగ్రత్తగా లాగి గిన్నె అంచున పెట్టాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వేనని."

"ఎప్పుడు తెలిసింది?"

"శనివారమే. అల్మరా తెరిస్తే దుప్పటి అంచులు లోపలికి మడిచి ఉన్నాయి. దుప్పటి అలా మడిచే మనిషిని నిన్ను తప్ప ఇంకొకరిని నేను చూడలేదు."

"తెలిసీ... తెలిసే ఆవిణ్ణి పిలిపించారా?"

"నిన్నంటే ఏమవుతుంది చెప్పు. ఏడుస్తావు. అబ్బాయికి ఫోన్ చేస్తావు. వాడు నాకు ఫోన్ చేసి, నాన్నా, అమ్మను చలిలో ఉంచుతున్నావా అంటాడు. కోడలు వెనక నుంచి వింటుంది. ఎండాకాలం దాకా నువ్వు నాతో మాట్లాడవు. ఆవిడనంటే ఏమైంది? తాళం చేతికొచ్చింది. నెలనెలా ఆవిడకిచ్చేదీ తప్పింది. తాళం లేకపోతే నువ్వూ వెళ్ళవు. ఎవరికి నష్టం?"

"ఆవిడకి!"

"ఆవిడ పడుకుందా లేదా? తనే ఒప్పుకుంది కదా. నేను అబద్ధమేమీ చెప్పలేదు." సూప్ ఊదుకుని ఒక గుటక మింగాడు. గొంతులో కోపం లేదు. నిజానికి ఆమెను ఊరుకోబెడుతున్నట్టుంది. "అయినా నీ ముందే అడిగాను. ఎవరు వేశారని అడిగానా లేదా? నువ్వు నోరు తెరిచి ఉంటే అక్కడితో అయిపోయేది. నీకోసమే ఆగి చూశాను. నువ్వు ముల్లంగాకు తుంచుతూ కూర్చున్నావు. నన్నేం చెయ్యమంటావు?"

మీరాన్ లెక్క చూసుకుంది. ఆ గదిలో నిజం తెలిసినవాళ్ళు ముగ్గురు. ముగ్గురిలో బయటపెట్టే హక్కు ఉన్నది తనకొక్కదానికే. మల్‌సూన్ చూపు ఆమెకు గుర్తొచ్చింది. ఎంత నింపాదిగా చూసింది! తన మీద ఎంత నమ్మకంతో చూసింది! సిగ్గుతో ఆమె చెవులు భగ్గుమన్నాయి. ఇన్నాళ్ళ తరవాత ఒంట్లో పుట్టిన వేడి అదే.

"మంచు కరిగాక ఆ ఇల్లు అమ్మేద్దాం," అన్నాడు తేసిక్. "రెండిళ్ళు వెచ్చబెట్టే వయసు కాదు మనది." చేప పొట్ట దగ్గరి మెత్తటి ముక్క విడదీసి ఆమె అన్నం మీద పెట్టాడు. "తిను. చల్లారిపోతోంది."

మంగళవారం ఆమె అక్క ఆపరేషన్ వంక చెప్పలేదు. "ఊరికి వెళ్తున్నాను," అంది. "తాళం నా దగ్గరుంది," అన్నాడు తేసిక్. "తాళం అక్కర్లేదు," అని చెప్పులు వేసుకుంది.

బస్సు దిగేసరికి ఊరు తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఆదివారం రాత్రీ సోమవారం పగలూ మంచు పడి వెలిసింది. హాలు గుమ్మం ముందు చెప్పుల వరసలో ఇవాళా ఎర్రదారం లేదు. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే వెచ్చటి గాలి, నూడుల్స్ వాసన, అరికాళ్ళకు నేల చురుకు. నలుగురు ముసలమ్మలు పూల బొమ్మల పేక ఆడుతున్నారు. ఒకామె గోడవారన ముడుచుకుని నిద్రపోతోంది. ఊరిపెద్ద మూల కూర్చుని గిన్నె ఎత్తి రసం తాగుతున్నాడు.

"అరె, సియోల్ అమ్మగారు! వారం మధ్యలో వచ్చారే? ఇలా వెచ్చటి చోట కూకోండి," అని పెద్ద ముసలమ్మ పక్కకు జరిగింది.

మీరాన్ కూర్చోలేదు.

"మా ఇంట్లో కిరసనాయిలు తగలేసింది నేనే," అంది. గొంతు తనది కానట్టు పైకి పోయింది. "మా ఆయనకు తెలీకుండా బస్సులో వచ్చి నేనే వేసుకున్నాను. మల్‌సూన్ అక్కను నేనే పక్కన పడుకోమన్నాను. ఆవిడ తప్పేమీ లేదు. ఆ రోజు ఆయన అడిగితే నేను నోరు మూసుకుని కూర్చున్నాను."

పేకముక్క పట్టుకున్న చెయ్యి ఒకటి గాల్లోనే ఆగింది. నిద్రపోతున్నామె కళ్ళు తెరిచింది.

"మల్‌సూన్ ఒక్క మాట చెప్పలేదే," అంది ఒకామె చివరికి.

"చెప్పదమ్మా అది. నోట్లో వేలు పెట్టినా కొరకదు."

"మరి ఆ నాలుగిళ్ళూ? వాటి తాళాలన్నీ ఇప్పుడు మా మరదలికి ఇచ్చారు. నిన్ననే ఇచ్చారు. అదిప్పుడు తిరిగివ్వాలంటే..." అని ఇంకొకామె మాట మధ్యలో మింగేసింది.

అందరూ పేకముక్కల వంక చూశారు. సియోల్ అమ్మగారిని ఏమంటారు?

మీరాన్ ఊరిపెద్ద వైపు తిరిగింది. మైకు పెట్టె అతని వెనక అల్మరాలోనే ఉంటుంది.

"మైకులో చెప్పండి. నేను చెప్పిందంతా చెప్పండి."

ఊరిపెద్ద గిన్నె దించి మూతి తుడుచుకున్నాడు. "ఏమని చెప్పమంటారమ్మా? ఫలానా సార్ గారి భార్య ఆయనకు తెలీకుండా వచ్చి వీపు కాచుకుందనా? అది మీ ఇంటి విషయం. మైకులో బాగుండదు."

"మొన్న చెప్పారు కదా!"

"మొన్న నేను ఎవరి పేరూ చెప్పలేదు కదమ్మా."

అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. మీరాన్ అతని మొహం చూసి వెనక్కి తిరిగింది.

"ఆవిడ ఇక్కడికి రావడం లేదా?" అంది గుమ్మం దగ్గర ఆగి.

"శనివారం వచ్చి వెళ్ళింది. తరవాత రాలేదు," అంది పెద్ద ముసలమ్మ. "పిలుద్దామనే అనుకున్నాం. మంచు పడుతోంది కదా అని..."

మల్‌సూన్ గేటు లోపల మంచు మీద అడుగుజాడ ఒక్కటి లేదు. గడప ముందు ఎర్రదారం చెప్పులు ఉన్నాయి. వాటి నిండా మంచు కూరుకుని ఉంది. మీరాన్ వాటిని రెండు చేతులా ఎత్తి, ఒకదానికొకటి తట్టి మంచు దులిపింది. చెప్పులు కింద పెట్టకుండానే తలుపు లాగింది.

"అక్కా! అక్కా!"

గదిలో కిటికీ వెలుతురు బూడిదరంగులో ఉంది. నేల మీద వేడి మీట వెయ్యని కరెంటు చాప, దాని మీద దుప్పట్ల కుప్ప, ఆ కుప్ప చివర ఉన్ని టోపీ. తలగడ పక్కన నీళ్ళ గిన్నె మీద పలచగా గడ్డ కట్టింది. టోపీ కింద నుంచి సన్నగా ఊపిరి ఆవిరి లేస్తోంది. మీరాన్ ఆ ఆవిరి చూసి తలగడ పక్కన కూర్చుంది.

"హాల్లో చెప్పాను అక్కా. అందరి ముందూ చెప్పాను. నేనేనని చెప్పాను."

టోపీ కొంచెం కదిలింది. మల్‌సూన్ కళ్ళు తెరిచే ఉన్నాయి.

"పొయ్యి వెలిగించలేదేం? బొగ్గు అయిపోయిందా?"

"ఉంది." గొంతు బొంగురుగా వచ్చింది. "పగలంతా హాల్లోనే ఉంటాను కదా అని ఈ ఏడు తక్కువ తెప్పించుకున్నాను. పగలు కూడా వేస్తే రాత్రికి చాలదు."

"హాలుకు రా అక్కా. నేను తీసుకెళ్తాను. ఇప్పుడు అందరికీ తెలిసింది కదా."

"ఏం తెలిసింది?" అంది మల్‌సూన్. "నేను పడుకోలేదనా? పడుకున్నాను కదా."

మీరాన్ దుప్పటి కింద చెయ్యి పెట్టి ఆమె చెయ్యి వెతికింది. మోటు వేళ్ళు తగిలాయి, నీళ్ళలో నానినంత చల్లగా. పట్టుకునే లోపు ఆ వేళ్ళు ముడుచుకుని లోపలికి పోయాయి. మల్‌సూన్ గోడ వైపు తిరిగింది.

బయటి చలి తెరిచిన తలుపు లోంచి నేల మీదుగా లోపలికి వస్తోంది. మీరాన్ ఒళ్ళో ఎర్రదారం చెప్పులు అలాగే ఉన్నాయి.

"తలుపు వేసి వెళ్ళండి అమ్మగారూ," అంది మల్‌సూన్ గోడతో చెబుతున్నట్టు. "వేడి పోతోంది."